అట్ట మీద సెంటీమీటర్లు రాయండి: అనంతపురం నుంచి ఒక లేడీస్ టైలరు బహిరంగ లేఖ

అనంతపురంలో ఆడవాళ్ల రెడీమేడ్ దుస్తులు అమ్మే దుకాణదారులకు,
రాయదుర్గం, హిందూపురం వైపు బట్టలు కుట్టించే యూనిట్ల యజమానులకు,
తూనికలు కొలతల శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను పాతూరులో 24 ఏళ్లుగా లేడీస్ టైలరుగా పనిచేస్తున్నాను. జాకెట్లు, లంగాలు, పంజాబీ డ్రస్సులు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పనిలో సగానికి సగం మీ దగ్గర కొన్న కుర్తీలు, టాపులు విప్పి సరిచేసే పనే. దానివల్ల నాకు నష్టం లేదు, కూలి వస్తోంది. అయినా ఈ ఉత్తరం రాస్తున్నానంటే, ఆ బట్టలు తెచ్చే ఆడవాళ్లు తమ గురించి తాము అనుకునే మాటలు విని విని ఇక ఊరుకోలేకపోయాను.

రెడీమేడ్ బట్టల మెడ చీటీ మీద, బట్టకు కట్టే అట్ట మీద ఎస్, ఎం, ఎల్ అక్షరాలతో పాటు సెంటీమీటర్లలో కొలత కూడా వేయమని, పోయిన శ్రావణమాసానికి ముందు మేము పదకొండు మంది టైలర్లం సంతకాలు పెట్టి ఒక కాగితం తయారు చేశాం. వ్యాపారుల్లో పెద్దవాళ్లిద్దరికి ఇచ్చాం. ఒకాయన చదవకుండానే డ్రాయర్లో పెట్టుకున్నారు. ఇంకొకాయన "సైజులు కంపెనీవాళ్లు వేస్తారమ్మా, మా చేతుల్లో ఏముంది" అన్నారు. ఒక కార్యాలయంలో కూడా ఇచ్చి రసీదు తీసుకున్నాం. రసీదు నా గల్లాపెట్టెలో భద్రంగా ఉంది. జవాబు మాత్రం రాలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాను.

మా పనిలో ఆది జాకెట్టు అని ఒకటుంది. ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టు తెచ్చిస్తే, దాన్ని చూసి కొత్తది కుడతాం. ఈ 24 ఏళ్లలో ఆది జాకెట్టు నా చేతికిస్తూ సిగ్గుపడిన మనిషిని నేను చూడలేదు. "చేతులు ఒక అర అంగుళం లూజు పెట్టక్కా" అంటారు. "కాన్పయినాక చంకల కాడ పట్టేస్తాండాది, రెండు కుట్లు విప్పు" అంటారు. బిగువైంది జాకెట్టు. తప్పుంటే జాకెట్టుది, లేకపోతే నాది. "ఏం కుట్టినావు ఇది" అని నన్ను గట్టిగా అడుగుతారు కూడా, ఆ హక్కు వాళ్లకుంది. అదే మనిషి సంచిలోంచి రెడీమేడు కుర్తీ తీసేటప్పుడు మాట మారిపోతుంది. "నేను డబుల్ ఎక్సెల్ అయిపోయినానక్కా" అంటుంది. కుర్తీ బిగువైందని అనదు. గొంతు కూడా తగ్గిపోతుంది, పక్కన కూర్చున్న వాళ్లకు వినపడకూడదని.

మొన్న దసరా అయినాక, డీఎస్సీలో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఒక టీచరమ్మ నాలుగు కుర్తీలు తెచ్చింది. బల్ల మీద పెట్టేముందు నా కత్తెర అడిగి తీసుకుంది. మెడ వెనక కుట్టిన చీటీలు నాలుగూ కత్తిరించి, మడిచి, పర్సులో జిప్పు ఉన్న అరలో దాచుకుంది. "ఎందుకు పాపా కత్తిరిస్తావు?" అంటే, "స్టాఫ్ రూములో ఎవరికన్నా కనపడితే..." అని ఆపేసింది. ఏళ్ల తరబడి చదివి, పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకున్న పిల్ల. బడిలో పిల్లల ముందు మొదటిసారి నిలబడబోతూ కొనుక్కున్న బట్టలవి. వాటితో పాటు ఆ భయాన్ని కూడా కొనుక్కొచ్చింది.

నేనా చీటీలు అడిగి చూశాను. ఒకదాని మీద ఎల్. రెండిటి మీద ఎక్సెల్. ఇంకోదాని మీద డబుల్ ఎక్సెల్. నాలుగు కుర్తీలూ బల్ల మీద పరిచి, చంక కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టుకు టేపు పెట్టి రెట్టింపు చేశాను. మూడు సరిగ్గా 42 అంగుళాలు వచ్చాయి, ఒక ఎక్సెల్ మాత్రం 42½. అంటే ఒకే మనిషికి, ఒకే కొలత గుడ్డకు, మూడు రకాల పేర్లు. అదే వారం ఆల్టరేషనుకు వచ్చిన ఎల్ కుర్తీలు మూడు కొలిస్తే, ఒకటి 38, ఒకటి 40, ఒకటి 41½. ఒక పేరు మీద మూడు కొలతలు. కూరగాయల తక్కెడ ఇంత తేడా చూపిస్తే మనమెవరమైనా ఒప్పుకుంటామా?

ఇలా ఎందుకవుతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఒక సైజుకు నమూనా గీసి, దాన్నుంచి చిన్నవీ పెద్దవీ గీస్తారు. దాన్ని గ్రేడింగ్ అంటారు. సైజు పెరిగేకొద్దీ ఇక్కడింత, అక్కడింత అని కలుపుకుంటూ పోతారు. మనిషి ఒళ్లు ఆ లెక్కన పెరగదు. ఛాతీ, పొట్ట, దండచేతులు పెరుగుతాయి, భుజం ఎముక అంతగా పెరగదు. అందుకే పెద్ద సైజు కుర్తీల్లో భుజాలు జారిపోతాయి, మెడ తెరుచుకుపోతుంది, దండచేయి దగ్గర మాత్రం రక్తం ఆగిపోయేటంత బిగువు. నా దగ్గరికొచ్చే పెద్ద కుర్తీల్లో ఎక్కువ పని ఆ చేతుల దగ్గరే. గీతలో ఉన్న లోపం అది. వేసుకున్నామె మాత్రం తన చేతుల్ని చూసుకుని బాధపడుతుంది.

మా అమ్మాయి ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతోంది. దాని పాఠాల్లో ఈ సైజుల కథ ఉంటే రాత్రిపూట చదివించుకుని విన్నాను. అమెరికా వ్యవసాయ శాఖ 1939–40లో సుమారు 15,000 మంది స్త్రీలను, ఒక్కొక్కరిని 59 చోట్ల కొలిచిందట. లెక్కలోకి తీసుకున్నవి మాత్రం తెల్లజాతి వాళ్ల కొలతలే. ఆ కొలతల ఆధారంగా 1958లో సైజులకు ఒక ప్రమాణం తెచ్చారు. 1983 వచ్చేసరికి దాన్నీ ఎత్తేశారు. ఆ తర్వాత ఏ కంపెనీ అంకె ఆ కంపెనీది. కొనేవాళ్లు సంతోషపడతారని పెద్ద కొలతకు చిన్న అంకె వేయడం కూడా మామూలైపోయింది. మన దేశంలో కేంద్ర జౌళి శాఖ ఆధ్వర్యంలో నిఫ్ట్ అనే ఫ్యాషన్ చదువుల సంస్థ 'ఇండియా సైజ్' పేరుతో 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పని చేపట్టింది. దేశంలోని ఆరు నగరాల్లో. మంచి పని. ఆ సైజులు మా ఊరి దుకాణాల్లో ఏ చీటీ మీదా నాకింకా కనపడలేదు.

కాబట్టి ఇవాళ ఆ మెడ చీటీ మీద ఉన్న అక్షరానికి గట్టి ఆధారమంటూ లేదు. ఆ అక్షరం వల్ల మా ఆడవాళ్లకు ఏం జరుగుతోందో నేను కళ్లారా చూసినవి చెబుతాను.

1. గార్లదిన్నె నుంచి ఒకామె వస్తుంది, నలభై దాటాయి. షుగరు ఉందని తేలితే డాక్టరు రోజూ పొద్దున నడవమన్నారు. చీరతో వేగంగా నడవలేక, కూతురు పట్టుబడితే, జన్మలో మొదటిసారి చుడీదారు కొనుక్కుందామని ఇద్దరూ ఒక పెద్ద దుకాణానికి పోయారు. అక్కడి పిల్లాడు ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, మేడ మీదికి కేకేశాడు: "ఒరే, త్రీ ఎక్సెల్ ఏమన్నా ఉండాదేమో చూడ్రా, ఈయక్కకు!" మెట్ల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. కూతురు తల దించుకుంది. కూతురు తల దించుకోవడం తల్లి చూసింది. ఆమె నాకు చెప్పింది ఆ కేక గురించి కాదు, కూతురు ముఖం గురించి. సైజు ఉందో లేదో తెలిసేలోపే ఇద్దరూ బయటికొచ్చేశారు. తర్వాత నేనే గుడ్డ తెప్పించి వదులుగా కుట్టిచ్చాను. ఇంట్లో వేసుకుంటోందట. నడకకు మాత్రం పోవడం లేదు. ఆ పిల్లాడికి చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు, వాడికి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సింది మీరు.

2. డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్ల ఒకతి కాలేజీ ఫంక్షను కోసం ఎం సైజు గౌను ముందే కొనిపెట్టుకుంది. రెండు నెలల్లో అందులో పట్టాలని రాత్రిపూట అన్నం మానేసి టీ తాగి పడుకునేది. వారానికోసారి వేసి చూసుకునేది. ఒకరోజు వాళ్లమ్మ ఆ గౌను కొంగు చాటున తెచ్చి నా ముందు పెట్టింది. "ఒక అంగుళం వదులు చెయ్యమ్మా, దానికి తెలియకుండా. సన్నమైనాననుకోని అన్నం తింటాది" అంది. లోపల తిప్పి చూస్తే విప్పడానికి గుడ్డే లేదు. పోగులు ఊడకుండా గుడ్డ అంచున వేసే ఓవర్‌లాక్‌కు ఆనుకునే కుట్టు వేశారు. ఆ తల్లిని ఉత్త చేతులతో పంపించాను. ఇప్పటికీ అది నాకు మనసులో ముల్లులా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 57 మందికి రక్తహీనత. అసలే రక్తం తక్కువున్న పిల్లలు ఒక అక్షరం కోసం అన్నం మానుకుంటుంటే, ఇది బట్టల వ్యాపారం సంగతి మాత్రమే ఎలా అవుతుంది?

3. సన్నగా ఉన్నవాళ్లకూ ఇదే బాధ. ఇద్దరు బిడ్డల తల్లిని, శనక్కాయల కోతకు పోయే మనిషిని, "పిల్లల సెక్షనులో చూడండమ్మా" అని పంపించారు. పువ్వుల ఫ్రాకుల మధ్య నిలబడి ఏం చూడాలో తెలియక తిరిగొచ్చేసింది. అదే సర్వేలో ఉండాల్సిన బరువు కంటే తక్కువున్న ఆడవాళ్లు వందకు దాదాపు 19 మంది. బరువు ఎక్కువున్నవాళ్లు 24 మంది. ఈ రెండు లెక్కలూ కలిపితే వందలో నలభైకి పైగా. వీళ్లంతా మీ కొనుగోలుదారులు కారా?

4. డబ్బు సంగతి. ఆరు వందలు పెట్టి కుర్తీ కొని, దానికి మళ్లీ వంద, నూట యాభై ఆల్టరేషనుకు ఇస్తున్నారు. అంటే నా గల్లాలోకి వచ్చే డబ్బే. అయినా చెబుతున్నాను, అది న్యాయం కాదు. మార్చుకుందామని పోతే ఆషాఢం సేలు సరుకు మార్చేది లేదంటారు. నార్పల నుంచో కూడేరు నుంచో రావాలంటే, ఉచిత బస్సు వచ్చాక టికెట్టు డబ్బులు మిగులుతున్నాయేమో గానీ, ఆ రోజు కూలి పోతుంది కదా.

5. కాలేజీ యూనిఫారాలకు క్లాసులో లేపి అందరి ముందూ "నీది ఏ సైజు?" అని అడిగి రాసుకుంటున్నారు. ఎల్ చెప్పాల్సిన పిల్లలు ఎం అని చెబుతారు. ఏడాదంతా ఆ బిగుతులోనే కూర్చుని పాఠాలు వింటారు.

మిమ్మల్ని అడిగేముందు మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. నేనూ ఎన్నో ఏళ్లు టేపు పట్టుకుని, బల్ల దగ్గర పుస్తకంలో రాసుకునే పిల్లకు "ఛాతీ నలభై నాలుగు, నడుము నలభై!" అని గట్టిగా చదివి వినిపించేదాన్ని. షాపులో వేరే మనుషులు ఉన్నారా లేదా అని చూసుకునేదాన్ని కాదు. "బాగా ఒళ్లు చేసినావే" అని ప్రేమగానే అనేదాన్ని, అది అవతలి మనిషికి ఎలా తగులుతుందో ఆలోచించలేదు. ఒకామె ఏమీ అనకుండా ఏడాదిపాటు రావడం మానేసినాక తెలిసింది. ఇప్పుడు మేము పదకొండు మందిమీ కొలత పైకి చదవడం మానేశాం. తెర చాటున కొలిచి, మా చేత్తోనే రాసుకుంటున్నాం. దీనికి పైసా ఖర్చు కాలేదు.

ఇక మా కోరికలు.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రతి చీటీ మీద, ప్రతి అట్ట మీద అక్షరంతో పాటు సెంటీమీటర్లలో కొలత ఉండాలి. ఇది మేము కొత్తగా అడుగుతున్న వరం కాదు. లీగల్ మెట్రాలజీ, అంటే తూనికలు కొలతల నిబంధనల కింద ప్యాకెట్ల మీద వేయాల్సిన వివరాల్లో, ప్యాకెట్ లేకుండా విడిగా అమ్మే దుస్తులకు 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చాలావాటిని మినహాయించింది. కానీ కొన్నిటిని వేయాల్సిందేనని ఉంచింది. ఎంఆర్‌పీ, వినియోగదారులు ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు, ఈమెయిలు, వీటితో పాటు సైజు కూడా అందులో ఉంది. ఎస్, ఎం, ఎల్ అనే గుర్తు ఒక్కటే సరిపోదు, సెంటీమీటర్లలోనో మీటర్లలోనో కొలత కూడా ఉండాలని అందులోనే చెప్పారు. తూనికలు కొలతల శాఖవారు దుకాణాలకు వచ్చినప్పుడు తూకాలు చూసినట్టే, మెడ వెనక చీటీ కూడా తిప్పి చూడాలని కోరుతున్నాం. ఛాతీ, నడుము, పొడవు, దండచేయి. ఈ నాలుగు అంకెలుంటే ఊరి నుంచి వచ్చిన మనిషి తన కొలత కాగితం మీద రాసుకుని వచ్చి, ఎవరినీ అడగకుండా, ఎవరితోనూ కేక వేయించుకోకుండా కొనుక్కుపోతుంది.

"కంపెనీవాళ్లు వేస్తారు" అన్న పెద్దాయనకు నా మనవి. కంపెనీ అంటే ఎక్కడో సముద్రం అవతల లేదు. రాయదుర్గంలో జీన్సు కుట్టేవాళ్లు మన మనుషులే. మన అక్కాచెల్లెళ్లే మిషన్ల మీద కూర్చుని ఆ చీటీ కుడుతున్నారు. మీరు ఆర్డరు పెట్టేటప్పుడు అడిగితే వేయరా? అచ్చు వేసే చీటీ అదే, కుట్టే చెయ్యి అదే.

రెండోది యూనిట్ల యజమానులకు. పక్క కుట్లలో లోపల కనీసం ఒక అంగుళం గుడ్డ వదలండి, చంకల దగ్గర కూడా. మా జాకెట్లలో మేము ఎప్పుడూ వదులుతాం. పెళ్లికి కుట్టిన జాకెట్టు ఇద్దరు బిడ్డలు పుట్టినాక కూడా వేసుకుంటున్నారంటే ఆ లోపలి గుడ్డ వల్లే. ఆడవాళ్ల ఒళ్లు నెలనెలా కూడా ఒకేలా ఉండదు. గుడ్డ మిగిలించుకోవడానికి మీరు కోసేసిన ఆ అంగుళం వల్ల నేను ఒక తల్లిని వెనక్కి పంపాల్సి వచ్చింది.

మూడోది దుకాణాల్లో మాటతీరు. సైజు పేరు పైకి అరవకూడదని మీ పిల్లలకు చెప్పండి. ఆడవాళ్ల బట్టల దగ్గర ఆడవాళ్లనే పెట్టండి. ట్రయల్ రూముకు గడియ ఉండాలి, లోపల ఒక టేపు వేలాడదీయండి. టేపు ఇరవై రూపాయలు కూడా కాదు.

నాలుగోది, సైజు కుదరకపోతే సేలులో కొన్నదైనా మార్చివ్వాలి. చీటీ మీద ఉన్న కొలత ఒకటి, లోపలి కొలత ఒకటి అయితే అది లోపమున్న సరుకే అని మేము అంటాం. అలాంటి సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చు వేస్తే చట్టం మారిపోదు.

ఇంకొకటి, చిన్నదే గానీ చెప్పాలి. అద్దాల్లో నిలబెట్టిన బొమ్మల వెనక్కి ఎప్పుడైనా పోయి చూశారా? మీకు తెలుసు, పెట్టింది మీరే. నడుము దగ్గర గుడ్డను గుప్పెడు పట్టి వెనకనుంచి పిన్నులు గుచ్చి ఉంటారు. బొమ్మకు కూడా ఆ కుర్తీ ఉన్నదున్నట్టు కుదరలేదు. ముందునుంచి చూసిన పిల్ల ఇంటికెళ్లి వేసుకుని, అలా లేదని ఏడుస్తుంది. ఆ పిన్నులు తీసేయండి, లేదా కనపడేలా పెట్టండి. నాలుగు రకాల ఒళ్లున్న బొమ్మల్ని నిలబెట్టగలిగితే ఇంకా మంచిది.

సంక్రాంతి సరుకు ఇంకొన్ని వారాల్లో దిగుతుంది. ఆ సరుకుతోనే ఇది మొదలుపెట్టమని అడుగుతున్నాం. ఇప్పటికే కుట్టి వచ్చేసిన వాటికి ఏం చేయాలంటారా, దానికీ మేము సిద్ధం. ఏ దుకాణదారు పిలిచినా మా పదకొండు మందిలో ఇద్దరం టేపు తీసుకుని వస్తాం. కట్ట విప్పి, సైజుకొకటి కొలిచి, అట్ట మీద సెంటీమీటర్లు రాసిస్తాం. ఈ సంక్రాంతికి కూలి తీసుకోం. పిలవకపోతే, మా దగ్గరికి ఆల్టరేషనుకు వచ్చే ప్రతి కుర్తీనీ కొలిచి, చీటీ మీద ఏముందో, లోపల ఎంతుందో ఒక కాగితం మీద రాసి, కింద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు వేసి, బట్టతో పాటు వాళ్ల చేతికిస్తాం. ఆ కాగితాలు అచ్చు వేయించడానికి ఇచ్చాం.

ఇట్లు,
ఒక లేడీస్ టైలరు,
పాతూరు, అనంతపురం
(మరో పది మంది టైలర్ల తరఫున కూడా)